శ్రామికుడు లేని రాకెట్టు

ఆటను గురించి గంభీరంగా మాట్లాడటం మన మిత్రుల్లో చాలామందికి రుచించదు. కంప్యూటరు ఆట అనగానే ఒకరు, అది పెట్టుబడిదారీ సమాజం యువకులకు పట్టే నల్లమందు అని కొట్టిపారేస్తారు. మరొకరు, ఆటే గదా, దానికి నీతీ అవినీతీ ఏమిటని నవ్వేస్తారు. పైకి ఈ రెండు వాదాలూ ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి. కాని రెండూ ఒకే బద్ధకంలోంచి పుట్టాయి. మొదటివారు ఆటను చూడకుండానే తీర్పు చెబుతారు. రెండోవారు చూసికూడా తీర్పు చెప్పరు. నవలను గురించి, నాటకాన్ని గురించి, సినిమాను గురించి మనం ఈ విధంగా ప్రవర్తించం. ఒక నవల సమాజాన్ని ఎంతవరకు నిజంగా చిత్రించింది, ఎక్కడ దాచిపెట్టింది అని నిలదీస్తాం. లక్షలాది యువకులు రాత్రింబగళ్లు తల వంచి కూర్చునే ఒక ఆటను ఆ ప్రశ్న ఎందుకు అడగకూడదో నాకు బోధపడదు.

నేనిక్కడ చర్చించదలచుకున్న ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. అంతరిక్ష ప్రయాణాన్ని అనుకరించే ఆట ఇది. ఇందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు. ఆడేవాడి పని ఒక్కటే: ఇంధనపు తొట్లు, ఇంజన్లు, రెక్కలు, గొడుగులు వగైరా భాగాలను ఒకదానిమీద ఒకటి అమర్చి రాకెట్టు కట్టడం, దాన్ని ఎగరేయడం, వీలైతే క్షేమంగా దింపడం. దీన్ని మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థలో ఫిలిపే ఫలాంగే అనే యువకుడు మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే అది ఆటల కంపెనీయే కాదు, వ్యాపార ప్రచారాలు చేసిపెట్టే కంపెనీ. అతను ఉద్యోగం మానేసి ఆట తయారుచేసుకుంటానంటే, ఒప్పుకున్న పనులు పూర్తిచేసి ఇక్కడే తయారుచెయ్యమన్నారట. 2011 జూన్ 24న మొదటి రూపం జనానికి అందింది. పూర్తి రూపం అనదగింది 2015 ఏప్రిల్‌లో వచ్చింది.

ఈ ఆట గొప్పదనం ఎక్కడ వుందో ముందు ఒప్పుకుని తీరాలి. ఇది ప్రకృతి నియమాలతో రాజీపడదు, పడినచోట కూడా తెలిసే పడుతుంది. ఆటలోని కెర్బిన్ అనే గ్రహం మన భూమిలో పదోవంతు కూడా వుండదు. దాని వ్యాసార్ధం 600 కిలోమీటర్లు. కాని నేలమీద ఆకర్షణ మాత్రం భూమిమీద వున్నంతే వుంటుంది. అందువల్ల కక్ష్యలో నిలబడటానికి భూమి విషయంలో సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కావలసిన చోట ఇక్కడ 2.3 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. పనిని తేలిక చెయ్యటానికి గ్రహాన్ని కుదించారేగాని నియమాన్ని వంచలేదు. ఇది మంచి పంతులు చేసే పని.

సియోల్కోవ్‌స్కీని తలుచుకుందాం. చిన్ననాట జబ్బుచేసి వినికిడి పోగొట్టుకుని, బోరొవ్‌స్క్‌లోనూ తరవాత కలుగాలోనూ బడిపంతులుగా బతికిన మనిషి. 1903లో అచ్చయిన ఆయన వ్యాసంలో రాకెట్టు వేగానికీ దాని బరువుకీ వున్న సంబంధం సూత్రంగా కనిపిస్తుంది. దాని సారాంశం చెప్పటం సులభం, మనసుకు పట్టటం కష్టం. వేగం రెట్టింపు కావాలంటే ఇంధనం రెట్టింపు పోస్తే చాలదు. నిండు రాకెట్టు బరువు ఖాళీ రాకెట్టు బరువుకు మూడు రెట్లు వుండగా ఒక వేగం వచ్చిందనుకోండి, దానికి రెట్టింపు వేగం కావాలంటే ఆ నిష్పత్తి ఆరు కాదు, తొమ్మిది కావాలి. మోసే ఇంధనాన్ని మోయటానికి మళ్లీ ఇంధనం కావాలి, దాన్ని మోయటానికి మరికొంత. ఈ సంగతి నల్లబల్లమీద రాసి చూపితే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు, మరిచిపోతారు. ఈ ఆటలో మూడు రాత్రులు తొట్టిమీద తొట్టి పేర్చి, ఎంత పేర్చినా కదలని రాకెట్టును చూసినవాడు మరిచిపోడు.

ఇంకా లోతైన ఉదాహరణ ఒకటుంది. ఒకే కక్ష్యలో మీ నౌక వెనకా మరో నౌక ముందూ పోతున్నాయి. ముందున్నదాన్ని అందుకోవాలి. ఏం చేస్తారు? వేగం పెంచుతానంటారు, రోడ్డుమీద బండి తోలే ఎవరైనా అదే అంటారు. పెంచితే మీ కక్ష్య పైకి లేస్తుంది, చుట్టు పెద్దదవుతుంది, మీరు ఇంకా వెనకబడతారు. అందుకోవాలంటే వేగం తగ్గించాలి. తగ్గితే కిందికి జారి చిన్న చుట్టులోకి వస్తారు, ఆ చుట్టు తొందరగా పూర్తవుతుంది, ముందున్నవాణ్ణి అందుకుంటారు. దీన్ని నేర్చుకోవటానికి మానవజాతికి కూడా కొంతకాలం పట్టింది. 1965 జూన్‌లో జెమిని 4 నౌకలో మెక్‌డివిట్ అనే అమెరికన్ వ్యోమగామి, తమను మోసుకువచ్చి వదిలిన రాకెట్టు భాగాన్ని కలుసుకోబోయి, దానివైపు తోసుకుపోయినకొద్దీ దానికి దూరమై, చివరకు ఇంధనం చాలక ప్రయత్నం మానుకున్నాడు. ఆనాడు అంతటి పైలట్టుకు తప్పిన లెక్క ఇవాళ సుల్తానాబాదులో పదిహేడేళ్ల కుర్రవాడు చేతివేళ్లతో చేసిపెడుతున్నాడు.

స్వేచ్ఛ నియమాల్ని తప్పించుకోవటంలో లేదనీ, వాటిని తెలుసుకుని పనిలో పెట్టుకోవటంలో వుందనీ హెగెల్ దగ్గర్నుంచి తీసుకున్న ఆలోచనను ఎంగెల్సు భౌతికవాదపు నేలమీద నిలబెట్టాడు. ఈ సంగతి మనం ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు చెప్పివుంటాం. వినేవాళ్లు తలలూపివుంటారు. కాని ఈ ఆటలో అది ఉపన్యాసం కాదు. సంకల్పం ఎంత గట్టిదైనా, కోరిక ఎంత ధర్మమైనదైనా, కక్ష్య దాన్ని లెక్కచెయ్యదు. లెక్క తెలిసిన మరుక్షణం అదే కక్ష్య బానిసలా పనిచేస్తుంది. భావవాదానికి ఇంతకంటె మంచి విరుగుడు నేను చూడలేదు. నల్లమందు అని కొట్టిపారేసే మిత్రులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఇక రెండో సంగతి, వైఫల్యం. ఈ ఆట నిండా వైఫల్యమే. రాకెట్టు వేదికమీదే పేలుతుంది, పైకి పోయి పక్కకు తిరిగి నేలను గుద్దుకుంటుంది, చందమామ చుట్టూ తిరిగి రావటానికి గుక్కెడు ఇంధనం చాలక అక్కడే వుండిపోతుంది. వెంటనే ఒక బటను కనిపిస్తుంది: ప్రయోగానికి ముందు స్థితికి వెనక్కి తిప్పుకోవచ్చు. పేలినది పేలనట్టే, చచ్చినవాళ్లు చావనట్టే. (ఆటను మరీ కష్టమైన స్థాయిలో పెట్టుకున్నవాళ్లకు ఈ సదుపాయం వుండదు, ఐతే ఆ స్థాయిని కోరుకునేవాళ్లు తక్కువ.) ఇది నీతిబాహ్యమని, పనికి ఫలితం లేనిచోట బాధ్యత పుట్టదని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నాతో వాదించాడు. నాకు ఆ వాదం సమ్మతం కాదు.

వైఫల్యానికి మన సమాజంలో వెల ఎంత వుందో ఆయన మరిచిపోయాడు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినపుడు తెలంగాణలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కలవారి పిల్ల తప్పితే మరో ఏడాది, మరో కాలేజీ, మరో దేశం. కౌలురైతు కొడుకు తప్పితే ఆ ఇంట్లో చదువనే మాటే తుడిచిపెట్టుకుపోతుంది. తప్పు చెయ్యగల హక్కు, తప్పినా మళ్లీ మొదలుపెట్టగల హక్కు, ఆస్తిలాగే కొందరి చేతుల్లో పోగుపడివుంది. ఆ హక్కును ఒక ఆట, కంప్యూటరు సంపాదించుకోగలిగిన పేదవాడికి కూడా ఇస్తే, అది చెడ్డదెట్లా అవుతుంది?

నిజమైన రాకెట్టు శాస్త్రం కూడా ఈ హక్కు లేకుండా బతకలేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుంచి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 కక్ష్యకు చేరలేక బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరుగా వున్న అబ్దుల్ కలాం తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది: ఆ రోజు పత్రికలవారి ముందుకు సంస్థ అధ్యక్షుడు సతీష్ ధావన్ తానే వెళ్లి ఆ వైఫల్యాన్ని తనమీద వేసుకున్నాడు, 1980 జూలై 18న రెండో ప్రయోగం నెగ్గినప్పుడు మాట్లాడటానికి కలాంను పంపాడు. ఇక్కడ వెనక్కి తిప్పే బటను లేదు. దాని స్థానంలో ఒక మనిషి నిలబడి, కిందివాళ్లకు మళ్లీ ప్రయత్నించే అవకాశం సంపాదించిపెట్టాడు. ప్రజాధనంతో నడిచే సంస్థ కాబట్టి ఆ అవకాశం దక్కింది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దింపుడుయంత్రం చంద్రుడిమీద కూలినప్పుడూ అంతే. అక్కడ తప్పిన ప్రతి అంశాన్నీ వెతికి సవరించి 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3ను దింపగలిగారు. వైఫల్యాన్ని సామాజికం చేసుకున్న చోటే విజయం సాధ్యమైంది.

ఇంతవరకు నేను ఈ ఆట తరపున మాట్లాడాను. ఇప్పుడు దాని మీద నాకున్న ఫిర్యాదుకు వస్తాను.

సుల్తానాబాదులో మేం కొందరు ఉపాధ్యాయులం, కాలేజీ పిల్లలు అప్పుడప్పుడు కూర్చుని ఏదో ఒక విషయం చర్చించుకుంటాం. ఈ ఆట సంగతి అక్కడే వచ్చింది. వెనక్కి తిప్పే బటను గురించి ఇటు వాదనా అటు వాదనా సాగుతుంటే, గోదావరిఖనినుంచి వచ్చి ఇక్కడ బంధువుల ఇంట్లో వుండి చదువుకుంటున్న ఒక విద్యార్థి అన్నాడు: "పేలుతే పేలింది సార్, మళ్ల పెట్టుకోవచ్చు. అది గాదు. గీ రాకెట్టు ఎవలు కట్టిండ్రు? ఒక్క మనిషి గూడ కట్టినట్టు కనబడడు గద." అందరూ ఊరుకున్నారు. అతని ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం పుట్టింది.

ఆటలో రాకెట్టు కట్టే భవనం ఒకటుంది. ఎడమపక్క భాగాల వరస వుంటుంది. కావలసినదాన్ని పట్టి లాగి అతికించటమే. నాలుగు వందల టన్నుల రాకెట్టు పది నిమిషాల్లో సిద్ధమవుతుంది. వృత్తిగా ఆడే పద్ధతిలో మూడు లెక్కలుంటాయి: డబ్బు, విజ్ఞానం, కీర్తి. భాగాన్ని లాగితే డబ్బు తగ్గుతుంది. డబ్బు తగ్గింది, వస్తువు వచ్చింది. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు. బజారులో వస్తువు చేతులు మారటమే తప్ప అది తయారవటం కనిపించని ఈ మాయను మార్క్సు ఏ పేరుతో పిలిచాడో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మరి ఆ భవనంలో మనుషులే లేరా? వున్నారు, అదే అసలు విశేషం. కెర్బల్‌లనే పచ్చని పొట్టివాళ్లు కొందరు నేలమీద అటూ ఇటూ తిరుగుతుంటారు, చిన్న బండ్లు నడుపుతుంటారు. వాళ్లు ఒక మరకూడా బిగించరు. సొగసుకోసం పెట్టిన బొమ్మలు. ఆట అమరికల్లో వాళ్లను కనిపించకుండా చేసుకునే వీలుకూడా వుంది. యంత్రం తేలికగా నడవాలని చాలామంది అట్లాగే చేస్తారు. పనివాళ్లను మాయం చేసినా పని ఆగదు! ప్రపంచంలోని యజమానులందరూ కలిసి కన్న కల ఇంతకంటె క్లుప్తంగా ఎక్కడైనా చిత్రితమైవుంటుందా?

పైకి ఎగిరేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పేర్లున్నాయి, ముఖాలున్నాయి, ధైర్యమూ పిరికితనమూ వేరువేరు పాళ్లలో వున్నాయి. 2015లో వాలెంతీనా అనే పేరుతో ఒక స్త్రీని కూడా చేర్చారు. 1963లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి స్త్రీ వాలెంతీనా తెరిష్కోవాను గుర్తుచేసే పేరు. సంతోషం. కాని తెరిష్కోవా ఎవరు? యారొస్లావ్‌ల్‌లో బట్టల మిల్లు కార్మికురాలు. ఆటలోకి వచ్చేసరికి పేరు మిగిలింది, మిల్లు పోయింది.

ఇది చిన్న విషయమనుకుంటే మరో పేరు చూడండి. ఆటలో రాకెట్టు భాగాల పరిశోధనను నడిపే శాస్త్రవేత్త వెర్నర్ ఫాన్ కెర్మన్. ఎవరి పేరుకు ఇది సరదా నకలో పిల్లలకు కూడా తెలుసు: వెర్నర్ ఫాన్ బ్రౌన్, హిట్లరు కోసం వి-2 రాకెట్టునూ, తరవాత అమెరికా కోసం చంద్రుడికి పోయిన సాటర్న్ రాకెట్టునూ కట్టినవాడు. వి-2 ఎక్కడ తయారయింది? నార్డ్‌హౌజెన్ దగ్గర కొండలోపల తొలిచిన సొరంగాల్లో. 1943నుంచి అక్కడ పనిచేసినవాళ్లు మిట్టెల్‌బౌ-డోరా నిర్బంధ శిబిరపు ఖైదీలు. ఆ శిబిరాల్లోకి సుమారు 60 వేలమందిని తెచ్చారు. వారిలో సుమారు 20 వేలమంది ఆకలితో, జబ్బులతో, ఉరికొయ్యలమీద చనిపోయారు. ఆ రాకెట్టు తగిలి చచ్చినవాళ్లకంటె దాన్ని కడుతూ చచ్చినవాళ్లే ఎక్కువ. ఫాన్ బ్రౌన్ ఆ సొరంగాలకు వెళ్లి చూసినవాడే. ఇప్పుడు అతని పేరు ఆటలో ముద్దుపేరయింది. ఆట తయారుచేసిన కుర్రవాళ్లు నాజీలని నేననటం లేదు. వాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. వాళ్లు చేసిందల్లా, రాకెట్టును దాని తయారీనుంచి వేరుచేసి చూసే ఒక అలవాటును వారసత్వంగా అందుకోవటం. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, అత్యంత ఘోరమైన తయారీచరిత్ర వున్న పేరుకూడా అందులో పడి హాస్యంగా మారిపోయింది.

దూరదేశపు సంగతులెందుకు? మన శ్రీహరికోట వుంది. 1969లో ఆ దీవిని ఎంపికచేసినప్పుడు అది ఖాళీ నేల కాదు. అడవినీ పులికాట్ సరస్సునూ నమ్ముకుని బతుకుతున్న యానాదులు అక్కడ వున్నారు. ప్రయోగకేంద్రం వచ్చింది, వాళ్ల వూళ్లు కదిలాయి. కొందరికి కేంద్రంలో చిన్న పనులు దొరికాయి. 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధన విభాగంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ రోజు ఏ రాకెట్టూ ఎగరలేదు. అంతరిక్షానికి ఎవరూ పోలేదు. ప్రయోగం జరగకుండానే ప్రయోగంకోసం చావటం అనేది ఈ ఆటకు ఊహకు కూడా అందని విషయం. ఇందులో మరణం ఎప్పుడూ ఎగిరినవాడిదే. చనిపోయిన వ్యోమగాముల పేర్లకు ఆటలో ఒక పట్టిక వుంది. ఘన ఇంధనాన్ని పోతపోసేవాడికి పట్టిక మాట అటుంచి, ఉనికే లేదు.

దీనికి ఒక బలమైన జవాబు వుంది, దాన్ని దాటవెయ్యటం న్యాయం కాదు. ప్రతి అనుకరణా దేన్నో ఒకదాన్ని వదిలిపెడుతుంది. చదరంగంలో సైనికులకు వంటవాళ్లు లేరు, అంతమాత్రాన చదరంగం అబద్ధమవుతుందా? గెలీలియో గాలి అడ్డును పక్కకు పెట్టాడు కనకనే పడే వస్తువుల నియమాన్ని చూడగలిగాడు. మార్క్సు తానే ఆర్థిక విషయాలను పరిశీలించేటప్పుడు సూక్ష్మదర్శినికి బదులు మనకున్న సాధనం విడదీసి చూడటమే అన్నాడు. అట్లాంటప్పుడు రాకెట్టు గమనాన్ని చూపదలచిన ఆట శ్రమను పక్కకు పెడితే తప్పేమిటి?

తప్పు వదిలిపెట్టటంలో లేదు. ఏది వదిలామో గుర్తుంచుకోవటంలో వుంది. గెలీలియోకు గాలి వుందని తెలుసు. వదిలినదాన్ని తిరిగి లెక్కలోకి తెచ్చే దారి తెరిచి వుంచాడు. ఈ ఆట విషయంలో అటువంటి పని ఆడేవాళ్లే చేశారు, అదికూడా ఉచితంగా. ఆటలో నౌకను ఒక సమయంలో ఒక్క గోళమే ఆకర్షిస్తుంది. ఇది నిజం కాదని గమనించినవాళ్లు అన్ని గోళాల ఆకర్షణనూ లెక్కించే ప్రిన్సిపియా అనే చేర్పును తయారుచేసి అందరికీ పంచిపెట్టారు. ఆటలో వ్యోమగాములకు తిండీ గాలీ అక్కరలేదు. అవి కావాలనే చేర్పులు వచ్చాయి. చిన్న గ్రహం చాలదన్నవాళ్లు అసలు సౌరమండలాన్నే తెచ్చిపెట్టారు. ఇంత పని కూలి లేకుండా, లాభం లేకుండా, ఒకరు చేసింది మరొకరు సవరించుకుంటూ సాగింది. ఈ జాతికే చెందిన ఇంకో ఆట, ఆర్బిటర్, లండను యూనివర్సిటీ కాలేజీలో మార్టిన్ ష్వైగర్ 2000 సంవత్సరంలో విడుదల చేసింది, మొదటినుంచీ ఉచితమే. 2021లో దాని మూలరచనను కూడా ఎవరైనా చదివి మార్చుకునేట్టు బయటపెట్టారు. మనిషి లాభంకోసమే పనిచేస్తాడని బల్లగుద్ది చెప్పే ఆర్థికశాస్త్రజ్ఞులు ఒకసారి ఇటు చూడాలి.

మరి ఇంత జాగ్రత్తగల జనానికి, చంద్రుడి ఆకర్షణలో వీసమెత్తు తేడా వస్తే పట్టుకోగల జనానికి, పనివాడు లేడన్న లోటు కనబడలేదా? కనబడింది. ఎట్లా కనబడిందో చూడటం మన చర్చకు ముఖ్యం. రాకెట్టు క్షణంలో తయారవటం అన్యాయంగా తోచి, కట్టటానికి రోజులు పట్టేట్టు చేసే చేర్పు ఒకటి వచ్చింది. ఆ తరవాత చరిత్రను అనుసరించి ఆడే మరో పెద్ద చేర్పులో ఇంజనీర్ల సంఖ్య, వాళ్ల జీతాల లెక్క కూడా వచ్చాయి. అంటే శ్రమ ఆటలోకి వచ్చింది, కాలంగా వచ్చింది, ఖర్చుగా వచ్చింది. సరిగ్గా యజమాని ఖాతాపుస్తకంలోకి వచ్చినట్టే వచ్చింది! పదిమందిని తీసుకుంటే పని ఇంత తొందరగా అవుతుంది, జీతాలు ఇంత పెరుగుతాయి. డబ్బు చాలకపోతే అయిదుగురిని తీసెయ్యి. ప్రకృతి విషయంలో ఇంత నిజాయితీ చూపిన ఊహ సమాజం దగ్గరకు వచ్చేసరికి యజమాని కుర్చీలో కూర్చుంటేగాని చూడలేకపోయింది. అది ఆ మనుషుల లోపం కాదు. ప్రకృతిని చూడటం బడిలో నేర్పారు. పనిని పనిచేసేవాడి వైపునుంచి చూడటం ఏ బడిలోనూ నేర్పలేదు.

ఈ ఆటను తయారుచేసినవాళ్లకే ఆ ఖాతాపుస్తకం తగిలింది. 2017లో టేక్-టూ అనే అమెరికన్ కంపెనీ దీన్ని కొనుక్కుంది. రెండో ఆట తయారీని స్టార్ థియరీ అనే చిన్న సంస్థకు అప్పగించి, 2019 చివర ఆ ఒప్పందం రద్దుచేసి, అక్కడి పనివాళ్లలో పలువురిని తన కొత్త స్టూడియోకు లాక్కుంది; ఆ చిన్న సంస్థ 2020లో మూతపడింది. 2023 ఫిబ్రవరిలో రెండో ఆటను సగం తయారైనదాన్నే అమ్మకానికి పెట్టారు. మిగతాది తరవాత వస్తుందని నమ్మి జనం డబ్బిచ్చారు. 2024లో ఆ స్టూడియోలోని పనివాళ్లకు ఉద్వాసన చెప్పారు, ఆట అట్లాగే ఆగిపోయింది. అయిదుగురిని తీసెయ్యి అనే మాట ఎక్కడిదో ఇంక వివరించనక్కరలేదు.

మా చర్చలో ఆ విద్యార్థి ప్రశ్న ఇంత దూరం ఎందుకు పోయిందంటే అతను వచ్చిన చోటువల్ల. మేం కూర్చున్న గదిలో పంకా తిరుగుతున్నది, అతని కంప్యూటరు వెలుగుతున్నది, చుట్టుపక్కల బియ్యం మిల్లులు నడుస్తున్నవి సింగరేణి బొగ్గును కాల్చి రామగుండంలో పుట్టించే విద్యుత్తువంటి దానితోనే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికి ఆ విద్యార్థి పుట్టలేదు. కాని గని కార్మికుల ఇళ్లలో పెరిగినవాడికి ఆ సంఖ్య ఎవరూ నేర్పనక్కరలేదు. వస్తువును చూడగానే దాని వెనక మనిషి ఏడి అని వెతికే చూపు అతనికి పుస్తకాలవల్ల రాలేదు.

పనివాణ్ణి ఆటలో చేరుస్తూ ఒక చేర్పు నేనే రాస్తానని అతను బయలుదేరాడు. ఉత్సాహం మంచిదే. కాని చేర్చటం ఎట్లా అన్నదగ్గర మా చర్చ చిక్కుపడింది. పేరు పెట్టి, ముఖం గీసి, చనిపోతే పట్టికలో రాస్తే చాలునని ఒకరన్నారు. అట్లా చేస్తే ఆడేవాడికి జాలి పుడుతుంది. జాలి పుట్టించే యజమాని కథలు మనకు కొత్తకావు. ప్రాణనష్టం జరిగితే కీర్తి తగ్గేట్టు పెట్టాలని ఇంకొకరన్నారు. అప్పుడు మనిషి ప్రాణం కీర్తిలెక్కలో ఒక అంకె అవుతుంది, నిపుణుడైన ఆటగాడు దాన్నికూడా పొదుపు చేస్తాడు. ఎటు తిప్పినా పనివాడు ఆడేవాడి చేతిలో సామగ్రిగానే మిగులుతున్నాడు.

నా అభిప్రాయం నేను చెప్పాను. పనివాడు ఆటలోకి ఖర్చుగానూ రాకూడదు, కన్నీరుగానూ రాకూడదు. తెలిసినవాడుగా రావాలి. ఆ వస్తువును గురించి ఆడేవాడికి తెలియనిది అతనికి తెలియాలి. తెలిసినదాన్ని బట్టి వద్దు అనగలగాలి.

దీనికి ఆధారం ఆటలోనే ఒకటుంది. రాకెట్టు కట్టే భవనంలో ఇంజనీరు నివేదిక అనే చిన్న పత్రం తెరుచుకుంటుంది. గొడుగు పెట్టలేదు, విద్యుత్తు వచ్చే దారి లేదు, ఫలానా తొట్టికి ఇంజన్ అతకలేదు అంటూ హెచ్చరిస్తుంది. మొత్తం ఆటలో పనిచేసేవాడి గొంతు వినబడే చోటు ఇదొక్కటే. ఆ పత్రాన్ని మూసేసి ప్రయోగబటను నొక్కవచ్చు. ఎవరూ ఆపరు.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే. మర్నాడు ఎగరవలసిన చాలెంజర్ నౌక పక్కరాకెట్ల అతుకుల్లో రబ్బరు వలయాలుంటాయి. అంత చలిలో అవి బిగుసుకుపోయి మంటను ఆపలేవని, ప్రయోగం వద్దని, ఆ రాకెట్లను తయారుచేసిన థయోకోల్ కంపెనీలో రోజర్ బోజొలే, మరికొందరు ఇంజనీర్లు గంటలకొద్దీ వాదించారు. వాళ్ల దగ్గర వెనకటి ప్రయోగాల్లో మసిపట్టిన వలయాల ఫొటోలున్నాయి. నాసా అధికారులు విసుగు చూపారు. కంపెనీ పెద్దలు తమ ఇంజనీర్లను పక్కకు పెట్టి, తమలో తాము మాట్లాడుకుని, సరే ఎగరవచ్చని సంతకం చేసి పంపారు. మర్నాడు నౌక లేచిన 73 సెకన్లకు ఏడుగురు పోయారు. అక్కడ జ్ఞానం లేక కాదు, జ్ఞానమున్నవాడికి కాదనే అధికారం లేక ఆ పని జరిగింది. ఈ తేడా ఏ కక్ష్యాసూత్రంలోనూ కనిపించదు.

మన బొగ్గుగనుల నిబంధనల్లో కార్మికుల తరపున గనిని పరీక్షించే ఇన్‌స్పెక్టరు అనే ఏర్పాటు ఒకటి తెచ్చారు. అతను కింద తిరిగి చూసినదాన్ని పుస్తకంలో రాయాలి. అతని మాట ఎంతవరకు చెల్లిందన్నది వేరే చర్చ. గనిలో పనిచేసినవాళ్లను అడిగితే చాలా చెబుతారు. కాని ఆ ఏర్పాటులో ఇమిడివున్న ఆలోచన ఎన్నో నవలల్లో లేదు, ఈ ఆటలో అసలే లేదు.

ఆ విద్యార్థి ఇప్పుడు తన చేర్పులో ఇంజనీరు నివేదికతోనే మొదలుపెట్టాడు. ఆ పత్రాన్ని మూసెయ్యటానికి వీల్లేకుండా చేస్తే ఎట్లా వుంటుందని చూస్తున్నాడు. హెచ్చరిక వున్నంతవరకు ప్రయోగబటను పనిచెయ్యదు, కట్టినవాళ్లు ఒప్పుకోవాలి. ఇది ఆటను పాడుచేస్తుందని, ఆడేవాడికి విసుగు పుడుతుందని అతని స్నేహితులు అంటున్నారు. అతను ఒప్పుకోవటం లేదు. ముందున్న నౌకను అందుకోవటానికి వేగం తగ్గించాలన్నప్పుడు కూడా వాళ్లకు ఇట్లాగే విసుగు పుట్టిందట.